ఎడమ చెయ్యి జేబులో ఉంచుకొనవలెను

"పిల్లల గురించి ఇకమీదట ఈ ప్రభుత్వం సూది బాబాయిగారిని అడగనిదే ఒక్క అడుగు వెయ్యదు" అని బాలల శాఖ మంత్రిగారు మంగళవారం సాయంత్రం టీవీలో ప్రకటించారు. "వారిని క్యాబినెట్ హోదాతో గౌరవ సలహాదారుగా నియమిస్తున్నాం. ఒక ముళ్ళపందికి ఇంతటి గౌరవం దక్కడం చరిత్రలో ఇదే మొదటిసారి."

ఆ మాట అక్షరాలా నిజం. అంతకుముందు చరిత్రలో ఎవరికీ ఈ ఆలోచన తట్టలేదు. పెద్దవాళ్ళకీ మనకీ తేడా అక్కడే తెలిసిపోతుంది.

సూది బాబాయిని ఎరగని ఇల్లు ఉండదు గానీ, పిల్లలు లేనివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్ళకోసం చెబుతున్నాను. రోజూ ఆరింటికి వచ్చే పిల్లల కార్యక్రమంలో బల్ల వెనక నిలబడి కబుర్లు చెప్పే ముళ్ళపంది బొమ్మ ఆయన. బొంగురు గొంతు, గళ్ళ కోటు, ఎప్పుడూ ఇప్పుడే ఏదో విని ఆశ్చర్యపోయినట్టుండే కళ్ళు. బల్ల కింద ఇద్దరు మనుషులుంటారు. తల, నోరు, గొంతు, కుడి చెయ్యి ఒకరి వంతు. ఇరవై రెండేళ్ళుగా అదే పని కాబట్టి ఆయన్ని స్టూడియోలో అందరూ తలగారు అంటారు. రెండో మనిషి ఆయన భుజానికి భుజం ఆనించి కూర్చుని ఎడమ చెయ్యి మాత్రం ఆడిస్తాడు. ఆ ఎడమ చెయ్యి మా ఆయన.

మీ ఆయన ఏం చేస్తారని అడిగితే మొదట్లో నాకు నోరు పెగిలేది కాదు. "టీవీలో ఎడమ చెయ్యండీ" అంటే, "అయ్యో, ఎలా జరిగిందమ్మా?" అనేవాళ్ళు.

కానీ ఆ చెయ్యి లేకపోతే మా ఇంట్లో రోజు గడవదు. మా పాపకు రెండున్నరేళ్ళు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన దాచుకుని, అద్దెకిచ్చినట్టు అక్కడే ఉంచుతుంది. కిందటిసారి బరువు చూసిన డాక్టరు ఏమీ అనకుండా నా మొహం వంక చూశాడు. తిట్టినా బాగుండేది. ఆ చూపుతో నాకు మూడు రోజులు నిద్ర లేదు. అప్పుడు మా ఆయన ఒక ఉపాయం పన్నారు. మర్నాడు కబుర్ల మధ్యలో సూది బాబాయి ఎడమ చేత్తో ఎడమ చెవి రెండుసార్లు గోక్కున్నాడు. స్క్రిప్టులో అది లేదు. "అదిగో! బాబాయి చెవి గోక్కున్నాడు, మింగెయ్యమంటున్నాడు" అన్నాను నేను. పాప గుటుక్కున మింగేసింది.

అప్పటినుంచి ఆరింటికీ ఆరున్నరకీ మధ్య పదిహేను గోకుళ్ళు, పదిహేను ముద్దలు. బాబాయికి చర్మం జబ్బేమైనా ఉందా అని స్టూడియోకు రెండు ఉత్తరాలు వచ్చాయట. ఆ చెయ్యి నాన్నదని పాపకు తెలియదు. మేమూ చెప్పలేదు. నాన్న చెబితే అది ఏ రోజు విన్నది కనక?

మంత్రిగారి ప్రకటన విని మా అత్తయ్యగారు లేచి నిలబడ్డారు.

"చూశావుటే అమ్మాయ్, నా కొడుకు సలహాదారయ్యాడు!"

"ఎడమ చెయ్యి ఒక్కటే కదండీ అత్తయ్యా."

"అయితే ఏం? పదవికి ఒళ్ళంతా ఎందుకు?"

గురువారంనాడు శాఖ సెక్రటరీగారు ఫైలు పట్టుకుని స్టూడియోకు వచ్చారు. సలహాదారు ఉద్యోగంలో చేరినట్టు కాగితాలు నింపాలి. బాబాయి ముళ్ళు ఊడినా కోటు పిగిలినా కుట్టేది నేనే కనక, ఆ రోజు నేనూ సూదీదారంతో అక్కడే ఉన్నాను.

సెక్రటరీగారు బల్ల ముందు కుర్చీ లాక్కుని, బొమ్మ కళ్ళలోకి సూటిగా చూశారు. ఆ బల్లకు ముందు గుడ్డ లేదు. నేలమీద చతికిలబడి చేతులు పైకెత్తిన ఇద్దరు మగవాళ్ళు కళ్ళెదురుగా ఉన్నారు. అయినా ఆయన చూపు ఒక్క క్షణమైనా కిందికి జారలేదు. ఎంత శిక్షణ ఉండాలో దానికి!

"తమరి నివాసం?"

"చెక్కపెట్టె" అన్నాడు సూది బాబాయి. "కలరా ఉండలతో సహా."

"సొంతమా?"

"మూత వెయ్యడం, తియ్యడం నా చేతిలో లేదు నాయనా."

"ప్రభుత్వ క్వార్టర్" అని రాసుకున్నారు సెక్రటరీగారు. "వేలిముద్రలు ఇవ్వండి."

బాబాయికి చేతికి నాలుగేసి వేళ్ళు. బొంత గుడ్డవి. మెషీను మీద ఆనిస్తే చేతులు కడుక్కుని రమ్మంది. కడిగితే ఆరడానికి రెండు రోజులు పడుతుందని నేను చెప్పబోయాను గానీ, సెక్రటరీగారే సర్ది చెప్పారు. "ఫరవాలేదు. హోదా ఉన్నవాళ్ళవి మొదటిసారి పడవు."

ఆ తర్వాత ఆయన ఫైల్లో ఒక కాగితం దగ్గర ఆగి, గొంతు సవరించుకున్నారు.

"తమరి హోదాకు ఒక వ్యక్తిగత సహాయకుణ్ణి మాత్రమే అనుమతించారు. రికార్డు ప్రకారం తమరి కింద ఇద్దరున్నారు. వీరిలో అదనం ఎవరు?"

"ఇద్దరం కలిస్తేనే ఒకడండీ" అన్నారు తలగారు, సొంత గొంతుతో. సెక్రటరీగారు ఎవరా అని గదంతా కలయజూసి, మళ్ళీ బొమ్మ వైపే తిరిగారు.

"తమరు సంతకం ఏ చేత్తో చేస్తారు?"

"కుడి చేత్తో."

"ఫోను?"

"కుడి."

"మరి ఎడమ చెయ్యి ఏం చేస్తుంది?"

మా ఆయన నోరు తెరిచారు. ఐదేళ్ళుగా ఏం చేస్తున్నారో చెప్పడానికి ఆయన దగ్గర చాలా ఉంది. కుడి చెయ్యి పుస్తకం తెరిస్తే పేజీ పట్టుకునేది ఎవరు? బాబాయికి ఏడుపొస్తే కళ్ళు తుడిచేది ఎవరు? ఆ బొమ్మ ఊపిరి పీల్చినట్టు కనబడాలంటే తలగారు ఊపిరి తీసినప్పుడే తానూ తియ్యాలని ఎన్ని నెలలు నేర్చుకున్నారు? కానీ బల్ల కింద కూర్చున్నవాళ్ళలో ఎడమ చెయ్యి మాట్లాడకూడదు. ఐదేళ్ళ అలవాటు. నోరు మళ్ళీ మూసుకుంది. పైన బాబాయి ఎడమ చెయ్యి మాత్రం మెల్లగా లేచి, చెవి రెండుసార్లు గోక్కుంది.

"చెవి గోక్కుంటుంది" అని రాసుకున్నారు సెక్రటరీగారు.

శనివారం ఉత్తర్వు వచ్చింది. నా చదువు పదో తరగతి మధ్యలో ఆగింది కనక నాలుగుసార్లు చదివితే గానీ అర్థం కాలేదు. 'గౌరవ సలహాదారువారు తమ ఎడమ చేతిని హుందాగా కోటు జేబులో ఉంచుకొనవలెను. అందుచేత సదరు చేతి నిర్వహణకు నియమితుడైన వ్యక్తి సేవలు సోమవారం నుండి అవసరం లేదు. కోటుకు జేబు లేనందున వెంటనే కుట్టించవలెను.'

జేబు కుట్టే పని నాకే పంపారు. కోటును ఒక ప్యూను రెండు చేతులమీద పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చాడు.

ఆదివారం మధ్యాహ్నం పాప పడుకున్నాక కిటికీ దగ్గర కూర్చున్నాను. అత్తయ్యగారు వచ్చి తొంగి చూశారు.

"ఏం కుడుతున్నావ్?"

"జేబండీ."

"ఎవరికి?"

"మీ అబ్బాయి చేతికి."

ఆవిడ వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టారు. అవి పొద్దున్నే తోమిన గిన్నెలు.

మా ఆయన నా పక్కన కూర్చుని, ఇన్నాళ్ళూ తాను తొడుక్కున్న ఆ నాలుగువేళ్ళ చేతిని ఒళ్ళో పెట్టుకుని మడతలు సవరిస్తున్నారు.

"గట్టిగా కుట్టు. లైవ్‌లో ఊడిందంటే తలగారికి మాట వస్తుంది."

"మీ ఉద్యోగం నా చేత కుట్టిస్తూ గట్టిగా అని కూడా చెప్పాలా?"

"పని పనే కదా."

ఆయన అలాంటి మనిషి. జేబును గట్టిగానే కుట్టాను. చేతిని అందులో దూర్చి, బయటికి జారకుండా వెయ్యవలసిన కుట్టు మాత్రం కచ్చాకుట్టు వేశాను. పొడుగు పొడుగు కుట్లు. చివర ముడి లేదు. దారం చాల్లేదనుకోండి.

సోమవారం నుంచి మా ఆయన ఆరింటికి ఇంట్లోనే ఉన్నారు. టీవీలో సూది బాబాయి ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుని ఎంతో హుందాగా కనబడ్డాడు. పాప బుగ్గ ఉబ్బించుకుని చూస్తూ కూర్చుంది.

"బాబాయి చెయ్యి ఏదీ?"

"జేబులో ఉందమ్మా. మింగు."

"ఊఁహూఁ."

మా ఆయన దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన చెవి తాను రెండుసార్లు గోక్కున్నారు. అదే వేగం, అదే మణికట్టు విరుపు. పాప ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వు కాదు. బాబాయి."

ఆ వారం నాలుగు రోజులు మొదటి ముద్ద మొదటి ముద్దగానే ఉండిపోయింది. డాక్టరు దగ్గరకు మళ్ళీ వెళ్ళవలసిన తేదీని నేను క్యాలెండరులో చూడకుండా తప్పించుకు తిరిగాను.

మంత్రిగారికీ ఆ వారం కష్టంగానే గడిచింది. అది నాకెలా తెలుసంటే, బాబాయి ముళ్ళు సవరించడానికి నన్ను రోజూ సలహాదారు గదికి పిలిచేవారు. గది బ్రహ్మాండంగా తయారైంది. బొమ్మకు కుర్చీ అచ్చిరాదని మూడు కుర్చీలు మార్చాక తెలిసి, టేకు బల్లకు మధ్యలో నీళ్ళబిందె పట్టేంత కన్నం కోయించి, ముందు ఎర్రగుడ్డ కట్టించారు. కన్నంలోంచి బాబాయి. ఆయన పక్క కుర్చీలో మంత్రిగారు. ఎదురుగా కెమెరాలు. నేను తెర వెనక ముక్కాలిపీట మీద.

చిక్కేమిటంటే కెమెరాలన్నీ బాబాయినే చూస్తున్నాయి. బుధవారం వార్తలు గదిలోని టీవీలో వేసి చూసుకుంటూ మంత్రిగారు అడిగారు.

"మరి నేనెక్కడున్నానయ్యా?"

సెక్రటరీగారు టీవీ దగ్గరకు వెళ్ళి ఒక చివర వేలు పెట్టారు. "ఇదిగోండి సార్. చెవి."

"చెవేనా?"

"భుజం కూడా కొంత ఉంది సార్. చెవి మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది."

మంత్రిగారు తన ఎడమ చెవిని తడిమి చూసుకున్నారు. ఆయన తప్పు పట్టలేదు, ఎవరినీ కసరలేదు. "పిల్లలకోసమే కదా" అన్నారు. అంత పెద్దమనిషి. కానీ గురువారం కుర్చీని బాబాయి వైపు జానెడు జరిపించుకున్నారు. కెమెరా కూడా జానెడు జరిగింది. మళ్ళీ చెవే.

శుక్రవారం ఆరింటికి గది ప్రారంభోత్సవం. పిల్లల కార్యక్రమం బదులు అన్ని ఇళ్ళలోనూ అదే వస్తుంది. తివాచీ మీద నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టారు. మంత్రిగారు పిల్లల భవిష్యత్తు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి, వాళ్ళలో సగంమందిని ఒకరిమీద ఒకరు వాలి నిద్రపోయేలా చేశారు. నలభైమంది పిల్లల్ని ఆ వేళకు నిద్రపుచ్చడం ఏ తల్లికీ సాధ్యమయ్యే పని కాదు.

చివర ఆయన బాబాయి వైపు తిరిగి, "మా పథకం మీద తమరి అమూల్యమైన సలహా?" అన్నారు.

సలహా సెక్రటరీగారు రాసిచ్చిందే. "బ్రహ్మాండం" అని చెప్పి, బాబాయి ఒక్కసారి కిందికంటా తల ఊపాలి. తలగారు ఊపారు. కోటు కదిలింది. కచ్చాకుట్టు సర్రున జారింది.

జేబులోంచి చెయ్యి బయటపడి బల్ల అంచుమీదుగా వేలాడింది. అందులో ఎవరూ లేరు కదా, ఉతికి ఆరేసిన మేజోడులా ఉంది.

ముందు వరసలోంచి ఒక పిల్ల లేచి వేలు చూపించింది. "బాబాయి చెయ్యి చచ్చిపోయింది!"

అంతే, నలభైమందీ ఒకేసారి ఏడుపు లంకించుకున్నారు. నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి, కారణం అడగకుండా కలిశారు. సెక్రటరీగారు ఫైలు తిరగేస్తున్నారు. ఆ ముడి వెయ్యనిది నేను. మా ఆయన ఉద్యోగం ఎటూ పోయింది. ఇప్పుడు తలగారిదీ పోతుంది, నా దయవల్ల.

అప్పుడు మంత్రిగారు చేసిన పని ఈ శాఖ చరిత్రలో నిలిచిపోతుంది. ఒక్క ఉదుటున కుర్చీ దిగి, మోకాళ్ళమీద బల్ల వెనక్కి దూరి, ఆ ఖాళీ చేతిలో తన ఎడమ చెయ్యి తొడిగేశారు.

చెయ్యి లేచింది. ముందు కొంచెం వణికింది. తర్వాత పిల్లల వైపు ఊపబోయి గోడ వైపు ఊపింది. కింద ఉన్న చిన్న టీవీలో చూస్తూ ఆడించాలి, అందులో కుడి ఎడమలు తారుమారుగా తోస్తాయి, మా ఆయనకు అది వంటబట్టడానికి ఏడాది పట్టింది. అయినా గోడకు ఊపిన చేతిని చూసి పిల్లలు నవ్వారు. ఏడుపు ఆగింది. చెయ్యి రెచ్చిపోయింది. అటూ ఇటూ ఊపింది, బల్ల మీద దరువు వేసింది, బాబాయి ముక్కు పట్టుకుని లాగింది. "సార్, మెల్లగా, మెడ ఊడుతుంది" అని తలగారు గొణగడం నాకు వినబడుతూనే ఉంది. కెమెరామన్ దగ్గరగా వెళ్ళాడు. దేశంలో ఉన్న టీవీలన్నిటినిండా ఆ చెయ్యే.

అంతా అయ్యాక మంత్రిగారు బయటికి వచ్చారు. మోకాళ్ళకు దుమ్ము, జుట్టులో పీచు. మొహం మాత్రం పరీక్ష ప్యాసయిన పిల్లాడిలా ఉంది.

"ఎంతసేపు వచ్చానయ్యా?"

"ఆరు నిమిషాల ఇరవై సెకన్లు సార్. మొత్తం క్లోజప్పే."

మంత్రిగారు తన ఎడమ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. తర్వాత బల్లమీద ఉన్న దారం పోగు చూశారు.

"ఈ కుట్టు ఎవరిది?"

తెర పక్కకు జరిపి ముందుకు వచ్చాను. "నాదేనండీ."

"ముడి వెయ్యలేదేం?"

"దారం... చాల్లేదండీ."

ఆయన ఆ దారం పోగును వేలికి చుట్టుకున్నారు. "చాలా మంచి పని చేశావమ్మా" అన్నారు. "సెక్రటరీగారూ, రాసుకోండి. ఎడమ చెయ్యి జేబులో ఉండనక్కర్లేదు. రేపటినుంచి ఆ బాధ్యత ఎవరికీ అప్పగించను. స్వయంగా నేనే చూసుకుంటాను."

చెయ్యి బయటికి వచ్చింది గానీ మా ఆయనకు రాలేదు. మంత్రిగారు తొడుక్కున్నదాన్ని ఇమ్మని అడిగే ధైర్యం ఎవరికుంటుంది? అయినా పాప బుగ్గ గుర్తొచ్చి అడిగేశాను.

"మరి మా ఆయనండీ?"

వినిపించుకునే తీరిక ఎవరికీ లేదు. సెక్రటరీగారు మంత్రిగారి ఖాళీ కుర్చీ వంక చూస్తున్నారు.

"సార్, తమరు కింద ఉంటే ఇది ఖాళీగా కనబడుతుంది. పుకార్లు పుడతాయి. ఇక్కడ ఎంతోకొంత ఉండాలి."

"ఎంత ఉండాలి?"

"ఒక చెవి, ఒక భుజం ఉంటే చాలు సార్."

అప్పుడు సెక్రటరీగారు మొదటిసారిగా నా వైపు తిరిగారు.

"మీ ఆయన భుజం కొలత ఎంతమ్మా?"

చెప్పాను. భార్యకు తెలియని కొలతా?

మర్నాడు ప్యూను రెండు చేతులమీద ఇంకో కోటు తెచ్చాడు. నల్లది, మంచి గుడ్డ. భుజాల దగ్గర కొంచెం లోపలికి పట్టవలసి వచ్చింది. ఈసారి ముడి వేశాను. రెండు వేశాను.

మా ఆయన మళ్ళీ పొద్దున్నే డబ్బా పట్టుకుని పనికి వెళుతున్నారు.

"ఇప్పుడేం పనిరా?" అని అడిగారు అత్తయ్యగారు.

"పెద్దగా ఏం లేదమ్మా. పక్కవాళ్ళు తల ఊపినప్పుడు ఊపడం. వాళ్ళు ఊపిరి తీస్తే తియ్యడం. మాట్లాడకుండా ఉండడం."

"కష్టమా?"

"అలవాటే కదా."

ఇది జరిగి నేటికి పదకొండు రోజులు. మంత్రిగారిలో మంచి మార్పు వచ్చిందని పత్రికలన్నీ రాస్తున్నాయి. మునుపటిలా ఎవరి మాటకూ అడ్డు తగలడం లేదట. ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటున్నారట. సమావేశాలు సగం సమయంలో ముగుస్తున్నాయట. ప్రతిపక్ష నాయకుడంతటివాడు, ఇన్నాళ్ళకు ఈ శాఖకు తగిన మనిషి దొరికాడని మెచ్చుకున్నాడు. ఒక మనిషి మన కళ్ళముందే అంతగా ఎదగడం మన అదృష్టం.

నిన్న ఆరింటికి పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీవీ పెట్టాను. పిల్లల కార్యక్రమం ఇప్పుడు సలహాదారు గదినుంచే వస్తోంది. ముద్ద యథాప్రకారం బుగ్గలోకి వెళ్ళింది. తెర మధ్యలో సూది బాబాయి. ఆయన ఎడమ చెయ్యి మహా ఉత్సాహంగా గోడకు టాటా చెబుతోంది, బల్ల మీద దరువేస్తోంది, ముక్కు లాగుతోంది. చెవి జోలికి మాత్రం పోవడం లేదు. పాప చూసి చూసి మొహం తిప్పుకోబోయింది.

తెర చివర, ఎప్పుడూ కనబడే ఆ చెవి దగ్గరకు, నల్లకోటు చెయ్యి ఒకటి మెల్లగా లేచింది. రెండుసార్లు గోక్కుంది. మణికట్టు కొంచెం విరిచి.

పాప అటు చూసింది. గుటుక్కున మింగి, నోరు తెరిచింది.

నేను రెండో ముద్ద పెట్టాను.